పండుగప్పకి మిన్నో లూర్ హుక్స్ మార్చాలి: ట్రెబులా, సింగిలా?

యానాం_పాయ:
యానాం దగ్గర గోదావరి పాయలో పండుగప్పకి వెళ్తుంటాను. వాడేది 9 సెంటీమీటర్ల తేలే మిన్నో, అంటే చిన్న చేప ఆకారపు లూర్ (కృత్రిమ ఎర). దానికి ముందే బిగించి వచ్చిన ట్రెబుల్స్ (మూడు ముళ్ల హుక్స్) 6 నంబరువి, తీగ బాగా సన్నం. మొన్న మంచి చేప పడింది. నీళ్ల మీదికి ఎగిరి తల విదిలించేసరికి లూర్ ఖాళీగా వచ్చేసింది. చూస్తే వెనక హుక్‌లో రెండు ముళ్లు సాగిపోయి ఉన్నాయి. ఏ సైజు వేయమంటారు? సింగిల్ (ఒకే ముల్లున్న) హుక్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కోరింగ_మడ:
తమ్ముడూ, నంబరు కంటే ముందు తీగ మందం చూడు. ప్యాకెట్ మీద 2ఎక్స్, 3ఎక్స్, 4ఎక్స్ అని ఉంటుంది. ఎక్స్ పెరిగేకొద్దీ అదే సైజులో తీగ మందంగా ఉంటుంది. పండుగప్ప లూర్‌ని కొరకదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. ట్రెబుల్‌లో ఒక ముల్లు లోపల దిగి, ఇంకోటి దవడ బయట పట్టుకుందనుకో, చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ రెండూ ఒకదాన్నొకటి మెలిపెడతాయి. సన్న తీగ సాగేది అక్కడే.

అలాగని నేరుగా 4ఎక్స్ బిగించెయ్యకు. హుక్ బరువు పెరిగితే తేలే లూర్ కాస్తా మునుగుతుంది, లేదా ఒళ్లు ఊపడం తగ్గిపోతుంది. నేనైతే నువ్వు చెప్పిన లూర్‌కి 4 నంబరు (6 కంటే పెద్దది) 3ఎక్స్‌తో మొదలుపెడతాను. బకెట్‌లో ఆ పాయ నీళ్లే పట్టి అందులో లూర్ వేసి చూడు. ఇంట్లో కుళాయి నీళ్లు వద్దు, ఉప్పునీళ్లలో లూర్ ఇంకొంచెం ఎక్కువ తేలుతుంది. ముందు పాత హుక్స్‌తో ఎంత తేలుతుందో గమనించు, తర్వాత కొత్తవి బిగించు. తోక కిందికి జారిపోతుంటే వెనకది మాత్రం ఒక సైజు తగ్గించు. ముందు హుక్, వెనక హుక్ ఒకదాన్నొకటి అందుకోకూడదు, అందుకుంటే విసిరిన ప్రతిసారీ చిక్కుపడతాయి. హుక్‌ని లూర్‌కి తగిలించే స్ప్లిట్ రింగులు కూడా మార్చు. హుక్ గట్టిదైతే తర్వాత తెరుచుకునేది రింగే.

చెరువుగట్టు:
మా కరీంనగర్ వైపు కొర్రమీను కోసం ఫ్రాగ్ (కప్ప ఆకారపు మెత్తటి లూర్) వాడతాం, అక్కడ లెక్క వేరు. గుర్రపు డెక్క, తూటి కాడల మీదుగా లాగాలి కాబట్టి ట్రెబుల్ పనికిరాదు. వీపుకి అతుక్కుని ఉండే డబుల్ హుక్ కావాలి. చేప నొక్కితే మెత్తటి ఒళ్లు అణిగి ముళ్లు బయటికి రావాలి. కొనేముందు వేళ్లతో నొక్కి చూడండి. నొక్కినా ముళ్లు పైకి రాకపోతే ఆ ఫ్రాగ్ వదిలేయండి. కొర్రమీను నోరు ఎముక, మొన పదునుగా లేకపోతే దిగదు. బొటనవేలి గోరు మీద మొన ఆనించి మెల్లగా లాగండి: జారితే మొద్దుబారినట్టు, పట్టుకుంటే బాగున్నట్టు.

ఇంకో మాట. నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు కనబడితే అక్కడ ఫ్రాగ్ వేయకండి దయచేసి. తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి, ఆకలి లేకపోయినా మీద పడతాయి. వాటిని పట్టేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు మిగల్చవు.

డార్విన్_తెలుగబ్బాయి:
మన పండుగప్పనే ఇక్కడ ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. నేను ట్రెబుల్స్ తీసేసి ఇన్‌లైన్ సింగిల్స్ (రింగు ఎక్కే కన్ను తిప్పి ఉండి, లూర్‌కి తిన్నగా నిలిచే హుక్స్) వేశాను. అంతే బరువులో సింగిల్ తీగ చాలా మందంగా వస్తుంది, మెలిపెట్టడానికి రెండో ముల్లు ఉండదు. మడ కొమ్మలకి తగులుకోవడం కూడా తగ్గింది. చేపని వదిలేయాలంటే సులువు. పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ ఆడవే, ఎందుకంటే ఈ చేప మగగా మొదలై తర్వాత ఆడగా మారుతుంది. గుడ్లు పెట్టేవి అవే కాబట్టి పెద్దవాటిని వదలడమే న్యాయం.

యానాం_పాయ:
థాంక్స్ అన్నా. సింగిల్ వేస్తే మొన ఎటు తిరిగి ఉండాలి?

డార్విన్_తెలుగబ్బాయి:
పొట్ట కింది హుక్ మొన లూర్ ముక్కు వైపు, తోక హుక్ మొన పైకి. మామూలు సింగిల్ కొంటే కన్ను అడ్డంగా ఉండి హుక్ పక్కకి తిరిగిపోతుంది, ఇన్‌లైన్ అని రాసి ఉన్నదే తీసుకో. బరువు మాత్రం పాత ట్రెబుల్‌తో తూకం వేసి సరిపోల్చుకో.

విశాఖ_జిగ్గింగ్:
పడవ మీద నుంచి మెటల్ జిగ్ (లోతుకి దించి ఆడించే బరువైన లోహపు లూర్) వేసేవాళ్లకి: పార చేపల కోసం పై కన్నుకి అసిస్ట్ హుక్ (పొట్టి దారంతో కట్టిన హుక్) చాలు, అడుగున రాళ్లకి పట్టదు. వంజరం జిగ్ తోక వైపు కొరుకుతుంది, పళ్లు కత్తుల్లా ఉంటాయి, కింద కూడా ఒకటి ఉండాలి.

కోరింగ_మడ:
ఉప్పునీళ్లకి టిన్ పూత హుక్స్ తీసుకో తమ్ముడూ, నల్ల పూతవి తొందరగా తుప్పు పడతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరాకే పెట్టెలో పెట్టు. స్ప్లిట్ రింగ్ ప్లయర్ ఒకటి కొనుక్కో. గోళ్లతో రింగు తెరవబోతే ముల్లు వేల్లో దిగుతుంది.

యానాం_పాయ:
సరే అన్నా. వెనక సింగిల్, ముందు 4 నంబరు 3ఎక్స్ ట్రెబుల్ బిగిస్తాను. ఆదివారం పోటు మొదలయ్యే వేళకి వెళ్తున్నా, లూర్ తేలుతోందో లేదో ఇక్కడే రాస్తాను.