మా చెల్లి రూమ్మేట్ నల్లజాతి అమ్మాయి, అమెరికా యూనివర్సిటీల్లో వాళ్ళ పరిస్థితి నిజంగా ఎట్టా ఉంటుంది?

కోవూరు_అన్న:
చెల్లి అలబామాలో ఎంఎస్ చేస్తోంది, రూమ్మేట్‌ది కూడా అదే బ్యాచ్. ఇంట్లో తెలిసినప్పటి నుంచి అమ్మకి టెన్షన్, మామయ్యేమో రూమ్ మార్చుకోమను అని రోజూ ఫోన్. చెల్లి చెప్పేది వేరే, ఆ అమ్మాయితో నాకేం ఇబ్బంది లేదు, ఇబ్బందంతా ఆమెకే అంటోంది. క్లాసులో దాదాపు అంతా తెల్లవాళ్ళేనంట, ల్యాబ్‌లో గ్రూపులు వేసుకోమంటే చివరికి ఈమే మిగిలిపోతుందంట. ఒక మాట గట్టిగా అంటే కోపిష్టిదని పేరు, జుట్టు ముట్టుకోవచ్చా అని అడిగేవాళ్ళు కొందరు, అడక్కుండానే ముట్టుకునేవాళ్ళు కొందరు. ఆమెది ఆ దేశమే కదా, ఇంకా ఇదేంది? అక్కడ చదివినవాళ్ళు చెప్పండి.

అద్దంకి_బస్టాండ్:
అలబామా అన్నావు కాబట్టి చెప్తున్నా అన్నా. 1956లో అలబామా యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆథరిన్ లూసీ, ఆడమనిషి. క్లాసులకి వెళ్ళిన మూడో రోజే గుంపు మీదపడితే, యూనివర్సిటీ ఆ గుంపుని వదిలేసి ఈమె భద్రత కోసమే అంటూ ఈమెనే సస్పెండ్ చేసింది, కోర్టుకి వెళ్తే ఏకంగా తీసేసింది. ఆ ఉత్తర్వు రద్దయింది ఎప్పుడనుకున్నావు, 1988లో! మళ్ళీ చేరి 1992లో అక్కడే పీజీ పట్టా తీసుకుంది, పంతం అంటే అదీ. 1963లో వివియన్ మాలోన్ అనే ఇంకో నల్లజాతి అమ్మాయి అక్కడే చేరబోతే సాక్షాత్తూ ఆ రాష్ట్ర గవర్నర్ వాలెసే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. ఇప్పుడు గుమ్మంలో ఎవరూ నిలబడరులే, కానీ 2018లో యేల్ యూనివర్సిటీలో ఒక నల్లజాతి పీజీ విద్యార్థిని తన హాస్టల్ కామన్ రూమ్‌లోనే కునుకు తీస్తుంటే ఇంకో విద్యార్థిని పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చి ఈమె ఐడీ కార్డు అడిగారు.

ఒంగోలు_గిత్త:
ప్రతిదీ రంగుకి అంటగట్టొద్దు. గ్రూపులో మనోళ్ళకి మాత్రం పిలిచి చోటిస్తున్నారా? పైగా వాళ్ళకి రిజర్వేషన్ సీట్లు ఉంటాయి కదా.

కావలి_రమ:
గిత్త గారూ, అక్కడ కోటాలు చెల్లవని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. సీట్లిచ్చేటప్పుడు జాతిని కూడా ఒక అంశంగా చూసే పద్ధతి ఉండేది, 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో అదీ పోయింది. సీటు ఎట్టా వచ్చిందో అన్న చూపు మాత్రం పోదు, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నీ ర్యాంక్ ఎంత అని కొందరినే అడుగుతారు చూడండి, అదే చూపు.

ఇంకోటి, ఆమె నల్లజాతి మనిషీ, ఆడపిల్లా, రెండూ ఒకేసారి. జనరల్ మోటార్స్ మీద కొందరు నల్లజాతి మహిళలు కేసు వేస్తే 1976లో కోర్టు ఒప్పుకోలేదు. జాతి వివక్ష అయినా చూపించండి, ఆడవాళ్ళ మీద వివక్ష అయినా చూపించండి, రెండూ కలిపి కుదరదంది. ఆ కంపెనీలో ఆడవాళ్ళున్నారు, కానీ తెల్లవాళ్ళు, నల్లవాళ్ళున్నారు, కానీ మగవాళ్ళు. మరి వీళ్ళు ఎక్కడికి పోవాలి? కింబర్లే క్రెన్షా అనే లా ప్రొఫెసర్ 1989లో పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. క్యాంపస్‌లోనూ అంతే, ఆడపిల్లల సంఘంలో తెల్లమ్మాయిల గొడవలే ముందు, నల్లజాతి సంఘంలో మగపిల్లల గొంతే పైన. ఈ బాధ ఎందుకని కొందరు అట్లాంటాలో స్పెల్మన్ లాంటి నల్లజాతి మహిళల కాలేజీలకే వెళ్తారు.

మనోళ్ళేం తక్కువ తినలేదు. రూమ్ కావాలంటే మనవాళ్ళే కావాలని వాట్సాప్‌లో పెడతారు, నల్లవాళ్ళకి మనం పెట్టుకున్న పేరు ఒకటుంది, ఇక్కడ రాయను. మీ మామయ్య ఫోన్ కూడా అందులో భాగమే.

కోవూరు_అన్న:
రూమ్ మార్చదులే అక్కా. గ్రూపులు ప్రొఫెసర్‌నే వేయమని చెల్లి అడగొచ్చా?

కావలి_రమ:
అడగొచ్చు, కానీ ముందు ఆ అమ్మాయిని అడగమను. ఆమె పేరు తేకుండా, అందరికీ చీటీలు తీసి గ్రూపులు వేయండి అంటే సరిపోతుంది. అప్పటిదాకా మీ చెల్లే మొదట వెళ్ళి ఆమె పక్కన కూర్చోవచ్చుగా.