ఇసుక మీద గోధుమరంగు జిగురు, పొద్దునకి మాయం. ఏం చేయాలి?

మణికొండ_నానో
నమస్తే అందరికీ. 60 లీటర్ల రీఫ్ ట్యాంకు (ఉప్పునీళ్లలో కోరల్స్ పెంచే అక్వేరియం), 11 నెలలైంది. అరగొనైట్ ఇసుక రెండంగుళాలు వేశాను, ఇప్పుడు ఒకటిన్నరే కనిపిస్తోంది. రెండు క్లౌన్ చేపలు, కోరల్స్‌లో కొన్ని జోవాలు, మష్రూమ్‌లు. మూడు వారాలుగా ఇసుక మీద గోధుమరంగు జిగురు, మధ్యమధ్య బుడగలు. పొద్దున చూస్తే తెల్లగా ఉంటుంది, లైటు వేసిన రెండు మూడు గంటలకు మళ్లీ వచ్చేస్తుంది. ముందు గాజు దగ్గర ఇసుక లోపల నల్లచారలు కూడా ఉన్నాయి. నీళ్లకి మాత్రం వంక పెట్టలేం. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0.
ఇసుకని సైఫన్ చేయాలా? ఏ నత్తలు మంచివి? ఇంకోటి, మా పిన్ని వాళ్లు భీమిలిలో ఉంటారు. తగ్గిన ఇసుక అక్కడి బీచ్ నుంచి తెప్పించుకోవచ్చా?

అడుగు_ఖాళీ
ఇసుక మొత్తం తీసి పారేయండి. నేను రెండేళ్ల కిందటే తీసేశాను, అప్పట్నుంచి ప్రాణం హాయిగా ఉంది. పెంట కళ్లెదురుగా కనిపిస్తుంది, ట్యూబు పెట్టి లాగేస్తాను, అంతే.

సీత_రీఫ్
అలా ఒక్క దెబ్బకి తీసేయమని చెప్పకండి దయచేసి. మాది నాలుగంగుళాల ఇసుక, ఐదేళ్లుగా కదపనిది. ఒక ఆదివారం మా వారికి ఉత్సాహం వచ్చి అంతా కెలికేశారు. కుళ్లిన గుడ్ల వాసన హాలంతా. రాత్రికి రెండు చేపలు పోయాయి, వాటిలో ఒకటి మా పాప పేరు పెట్టుకున్నది. నెల రోజులు ఇంట్లో ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. మణికొండ గారూ, ఆ నల్లచారలని కదపనంత వరకు వాటి వల్ల ఏమీ కాదు. నీళ్లు మార్చినప్పుడల్లా పావు భాగం, అదీ పైపైనే లాగండి.

సాగరపుత్ర
భీమిలి ఇసుక నిశ్చింతగా తెచ్చుకో తమ్ముడూ. సముద్రపు చేపకి సముద్రపు ఇసుక పనికిరాదా? ప్యాకెట్ ఇసుకకి వేలు పోయడం ఎందుకు? ఏడేళ్లుగా నా ట్యాంకులో మన వైజాగ్ ఇసుకే. ఈ ఫోరంలో సగం మంది పుట్టకముందు నుంచి చేపలు పెంచుతున్నాను.

ఏయూ_రాళ్లోడు
ఏటండీ ఈ సలహా? మన తీరం ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. దానితోపాటు తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు అరిగి వచ్చిన గార్నెట్, ఇల్మనైట్, మాగ్నటైట్. భీమిలి ఒడ్డున నల్లగా, ఎర్రగా కనిపించే చారలు అవే. అరగొనైట్ అంటే కాల్షియం కార్బొనేట్, దానికీ దీనికీ పోలికే లేదు. వెనిగర్ పోసి చూడండి, అరగొనైట్ అయితే బుసబుసా పొంగుతుంది.

సాగరపుత్ర
పోశాను. పొంగింది. ఇప్పుడేమంటారు?

ఏయూ_రాళ్లోడు
పొంగినవి గవ్వల ముక్కలు. బుసబుసలు ఆగాక గిన్నె అడుగున ఎంత మిగిలిందో చూసి చెప్పండి.

సాగరపుత్ర
పుస్తకాలు చదివిన వాళ్లకీ, చెయ్యి తడుపుకున్న వాళ్లకీ తేడా ఉంటుంది. నా చేపలు చచ్చాయా?

ఏయూ_రాళ్లోడు
మీ పాత ఫొటోలు చూశాను. ఉన్నవి డామ్సెల్‌లు. వాటిని బకెట్లో వేసినా బతుకుతాయి. కోరల్ ఒక్కటీ లేదు. పోనీ, గాజు తుడిచే అయస్కాంతం వాడతారా?

సాగరపుత్ర
వాడతాను. అయితే?

ఏయూ_రాళ్లోడు
గాజు మీద గీతలు లేవా?

సాగరపుత్ర
పాత గాజు. గీతలు పడవా మరి.

కూకట్‌పల్లి_కోరల్
😂😂 అన్నా, దొరికిపోయావ్. అయస్కాంతానికి మాగ్నటైట్ రేణువులు అంటుకుంటే అది తుడిచే బ్రష్ కాదు, గరుకు కాగితమే. నాకు రెండు రేణువులు ఇరుక్కుంటేనే ముందు గాజు పాడైంది.
ఇంతకీ మణికొండ ట్యాంకులో ఏ నీళ్లు పోస్తున్నాడో ఎవరూ అడగలేదేం? వంటింటి ఆర్వో నీళ్లయితే రుచి కోసం ఖనిజాలు కలుపుతుంది. నాది 45 టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) చూపించేది. డీఐ (వాటిని తీసేసే ఫిల్టర్) పెట్టాక సున్నా.

డల్లాస్_ఉప్పునీళ్లు
నా 30 గ్యాలన్‌లో టైగర్ టెయిల్ సీ కుకుంబర్ (దోసకాయ ఆకారంలో ఉండే సముద్రజీవి) ఒకటి వేశాను. ఇసుక మింగి, శుభ్రం చేసి వదులుతుంది. మీరూ ఒకటి కొనుక్కోండి, సమస్య తీరిపోతుంది.

సీత_రీఫ్
డల్లాస్ గారూ, ఇక్కడ సీ కుకుంబర్‌లన్నీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే. ఇసుక శుభ్రానికి పులిని పెంచమంటారా?

డల్లాస్_ఉప్పునీళ్లు
తెలియక చెప్పాను, సారీ. కానీ ఇండియాలో దుకాణాల్లో అమ్మడం నేనే చూశాను.

అడుగు_ఖాళీ
అమ్మితే చట్టబద్ధమైపోతుందా? అమెరికా వెళ్లగానే ఇక్కడి సంగతులు భలే మర్చిపోతారు.

డల్లాస్_ఉప్పునీళ్లు
సారీ చెప్పాను కదండీ. దీనికి అమెరికా ఎందుకు?

రాత్రి_లైటు
అందరూ ఇసుక ఎక్కడిదో కొట్టుకుంటున్నారు, అతను రాసింది ఎవరూ చదవలేదు. జిగురు, బుడగలు, రాత్రికి మాయం, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. ఇవి డైనోలే (డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు) అనిపిస్తోంది. నీళ్లు బాగా శుభ్రంగా ఉండటమే ఇక్కడ రోగం. పోటీపడే ఆల్గేకి, బ్యాక్టీరియాకి తిండి లేకపోతే ఇవి రాజ్యమేలతాయి. నాకు ఆరు నెలలు పట్టింది, జుట్టు ఊడింది.
ముందు నీళ్లు మార్చడం ఆపండి. చేపలకి మేత పెంచండి, రెండూ సున్నా దాటాలి. పిల్లల మైక్రోస్కోప్ చాలు, ఒక చుక్క పెట్టి చూడండి. నీటిబొట్టు ఆకారంలో ఉండి తాడు కట్టినట్టు ఒకే చోట తిరుగుతుంటే ఆస్ట్రియోప్సిస్. అది రాత్రి నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ లైటు (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని చంపేది) పనిచేస్తుంది. గుండ్రంగా, నింపాదిగా ఇసుకలోనే పాకితే ఆంఫిడినియం. అది ఇసుక వదలదు, యూవీకి డబ్బు దండగ. నత్తలు ఇప్పుడే కొనకండి, కొన్ని రకాల డైనోలు తిన్న నత్తలు చచ్చిపోతాయి. తర్వాత నస్సేరియస్, సెరిత్ నత్తలు చాలు. ఇసుక జల్లెడ పట్టే స్టార్ ఫిష్‌ని మాత్రం 60 లీటర్లలో వేయకండి, తిండి లేక కొన్ని నెలల్లో పోతుంది.

అడుగు_ఖాళీ
ఇసుక లేకపోతే డైనోలు ఎక్కడ పడుకుంటాయి?

రాత్రి_లైటు
రాళ్ల మీద. నాకు అక్కడా వచ్చాయి.

మణికొండ_నానో
మా అక్క కొడుకు మైక్రోస్కోప్‌లో చూశాను. నీటిబొట్లలాంటివి, గిరగిరా ఒకేచోట. వాడు స్కూల్లో చూపిస్తానని ఒక సీసా పట్టుకెళ్లాడు. మేత రెండింతలు చేశాను. పది రోజులకి నైట్రేట్ 4, ఫాస్ఫేట్ ఇంకా సున్నా దగ్గరే. చిన్న యూవీ పెట్టాను, జిగురు సగమైంది.
అసలు సమస్య వేరే. నేను వద్దని చెప్పేలోపే మా పిన్ని ఇసుక బస్తా బస్సులో వేసేసింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం అందులో ముంచితే నల్లగా గడ్డం మొలిచింది.

ఏయూ_రాళ్లోడు
ఆ గడ్డం ఫొటో పెట్టండి, సాగరపుత్ర గారి కోసం.

సాగరపుత్ర
నాది భీమిలి ఇసుక అని నేనెప్పుడన్నాను? రుషికొండది.

సీత_రీఫ్
బస్తా వృథా చేయకండి, తులసికోటలో పోసుకోండి.

కూకట్‌పల్లి_కోరల్
ఉప్పు ఇసుక అక్కా అది. తులసి చచ్చిపోతుంది.