పాత పద్మినికి టెంపరేచర్ మీటరు: సెన్సర్ ఎక్కడ బిగించాలి?

మాది తిరుపతి. నాన్నగారి 1984 పద్మిని కారును ప్రాణంగా చూసుకుంటున్నాను. ఎండాకాలంలో భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడి అంకెల్లో తెలియాలని ఎలక్ట్రికల్ మీటరు, దాని జత సెన్సర్ కొన్నాను. సెన్సర్ థ్రెడ్ (మర) ఇంజను పైభాగమైన సిలిండర్ హెడ్‌లోని రంధ్రానికి సరిపోలేదు. అంత పాత హెడ్‌కు కొత్త థ్రెడ్ కోయించడానికి మనసొప్పడం లేదు.

రేడియేటర్ పైభాగపు రబ్బరు గొట్టాన్ని (హోస్) కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి బిగిద్దామని మెకానిక్ అంటున్నారు. ఇది ఒంటి వైరు సెన్సర్, అంటే ఎర్త్ దాని లోహపు ఒంటి గుండానే ఇంజనుకు అందాలి. రబ్బరు గుండా ఎర్త్ అందదు కదా! అడాప్టర్ నుంచి ఇంజనుకు విడిగా వైరు వేస్తే చాలా? నీళ్లు కారకుండా థ్రెడ్‌కు టెఫ్లాన్ టేపు చుడితే రీడింగు తప్పుతుందా?

నా అసలు భయం వేరే. నీళ్లు తగ్గి హోస్ ఖాళీ అయితే, ఇంజను కాగిపోతున్నా మీటరు తక్కువే చూపవచ్చు. ఇత్తడి రెడ్యూసర్‌తో (వేర్వేరు సైజు థ్రెడ్లను కలిపే ముక్కతో) హెడ్‌లోనే బిగించినవారు ఉంటే దయచేసి చెప్పండి, లేత్ దగ్గర చేయించుకుంటాను.