అప్‌డేట్: ద్వారబంధాల పాత పెయింటు సంగతి

మా పాత ఇంట్లో టేకు ద్వారబంధాలకు పెయింటు పెచ్చులుగా ఊడుతోందనీ, మొత్తం గీకించాలా, పైన మరో కోటు వేయిస్తే చాలా అనీ ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే పట్టు వదిలిన చోట మాత్రమే తీయించి, గట్టిగా ఉన్న పొరను ఉంచాము.

ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది కాబట్టి, పాత ఎనామిల్‌లో సీసం ఉందనే భావించి, సీసపు పొగ, ధూళి లేవకుండా హీట్ గన్ (వేడిగాలితో రంగును మెత్తబరిచే పరికరం) జోలికి పోకుండా, నీళ్లు చిలకరిస్తూ పుట్టీ బ్లేడుతో గీకించి, వాటర్ పేపరుతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిగానే రుద్దించాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీపడవద్దు.

అసలు చిక్కు గడప దగ్గర ఎదురైంది. ఏళ్లతరబడి రాసిన పసుపు, దీపాల నూనె ద్వారబంధం అడుగున జానెడు మేర చెక్కలోకి ఇంకిపోవడంతో, అక్కడ రంగు గోటితో గీరితేనే లేచివచ్చింది. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో, గుడ్డకు పసుపు అంటడం ఆగేవరకు తుడిచాము.

పెయింటరు నేరుగా పుట్టీ పెడదామన్నారు గానీ, పొడి చెక్క పుట్టీలోని నూనెను పీల్చేస్తే అది పొడిపొడిగా రాలిపోతుందని, ముందు వుడ్ ప్రైమరే వేయించాను. ఇప్పటికి ఒక కోటు ఎనామిల్ పడింది. రెండవది ముసురు తగ్గాక వేయిస్తాము.