నెట్ సెంటర్లో క్రోమ్ తీసేసి వేరే బ్రౌజర్ వేసుకోవచ్చా? ఏది మేలు?

జిరాక్స్ బాబు, తిరుపతి

అన్నలూ అక్కలూ ఒక సలహా చెప్పండి. తిరుపతి బస్టాండ్ వెనక సందులో మాది చిన్న నెట్ సెంటరు, జిరాక్సు లామినేషను పాన్ కార్డు హాల్ టికెట్లు దర్శనం టికెట్లు ఏది వస్తే అది చేస్తాం. మూడు సిస్టమ్లు ఉండాయి. రెండిట్లో విండోస్ 10, ర్యాము 4 జీబీ. మూడోది మా నాయన కాలంది, విండోస్ 7, దాన్ని స్కానర్ కోసమే పెట్టుకోనుండా, ఆ స్కానర్ కొత్త విండోస్‌లో పలకదు. మొదట్నుంచీ అన్నిట్లో క్రోమే.

ఈ మధ్య పది ట్యాబ్లు తెరిస్తే చాలు బిగుసుకుపోతా ఉండాది, మౌసు కదుల్తాది గానీ క్లిక్ పడదు. మొన్న 300 రూపాయల టికెట్లు వదిలిన రోజు అనంతపురం నుంచి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు, ఐదుగురి పేర్లూ ఆధార్ నంబర్లూ చీటీలో వరసగా రాసుకోనొచ్చినాడు, నేను నాలుగో పేరు కొడతా ఉంటే స్క్రీనంతా తెల్లగా అయిపోయి అట్లే నిలిచిపోయింది, మళ్ళీ తెరిచేలోపల ఆయన అడిగిన తేదీ అయిపోయింది. ఒక్క మాటా అనలేదు, చీటీ మడిచి జోబీలో పెట్టుకోని లేచిపోయినాడు. తిట్టుంటే బాగుండు అనిపించింది.

అడిగితే ఒక్కోడు ఒక్కోటి చెప్తాడు. పక్కన మొబైల్ షాపోడు ఫైర్‌ఫాక్స్ అంటాడు, మా బామ్మర్ది బ్రేవ్ అంటాడు, మా అక్క కొడుకు ఒపేరా జీఎక్స్ వేసుకో మామా దాంట్లో ర్యాముకి లిమిట్ పెట్టుకోవచ్చు అంటాడు, వాడు గేములోడు లెండి. ఎడ్జ్ ఎట్లా సిస్టమ్‌లోనే ఉండాది కదా, మళ్ళీ కొత్తదెందుకు అనేవాళ్ళు ఇంకొందరు. ఏది వేసుకుంటే తేలిగ్గా ఉంటాది? మారితే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్లు వస్తాయా?

ఇంకోటి, ఇది చిన్నదే. కస్టమర్లు మెయిల్ తెరిచి లాగౌట్ కాకుండా పోతా ఉండారు. నిన్న ఒకమ్మాయి రెజ్యూమె ప్రింటుకని వచ్చి జీమెయిల్ తెరిస్తే అంతకుముందు వచ్చినాయన మెయిలంతా బారుగా కనపడింది. దీనికేమన్నా సెట్టింగు ఉందా.


గిరింపేట కుర్రోడు, చిత్తూరు

అన్నా మొదట ఒకటి తెలుసుకో. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డీ, ఇవన్నీ లోపల ఒకటే, క్రోమియం అని గూగుల్ మొదలుపెట్టిన పునాది, పేజీల్ని తెరిచి చూపించే ఇంజను దాంట్లోనే ఉంటాది. ఒపేరా 2013లో సొంత ఇంజను వదిలేసి దీంట్లోకొచ్చింది, ఎడ్జ్ 2020 జనవరిలో వచ్చింది. అన్నీ ఒకే పిండితో పోసిన దోశలు, పైన పూసిన కారం వేరే అంతే. మీ అల్లుడు చెప్పిన ర్యాము లిమిట్ కూడా ఆ కారంలో భాగమే, లిమిట్ పెడితే ట్యాబు తినే తిండి తగ్గదు, ఉన్న దాంట్లోనే నెట్టుకురావాల. ఇంజను మారాలంటే విండోస్‌లో మనోళ్ళు వాడేవాట్లో మిగిలేది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే.

ర్యాము ఎందుకు తింటాయంటే, ఒక సైటు ఇంకో సైటు డేటాలోకి తొంగి చూడకుండా ఒక్కోదాన్ని విడిగా ఒక్కో ప్రాసెస్‌లో కూర్చోబెడతాయి. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడినాక క్రోమ్ దీన్ని కంప్యూటర్లలో అందరికీ ఆన్ చేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో అదే దారి పట్టింది. బ్యాంకు పేజీ ఒక గదిలో, యాడ్లు కుక్కిన సినిమా వార్తల పేజీ ఇంకో గదిలో అనుకో. గదులు పెరిగితే స్థలం కావాల కదా, నీ 4 జీబీలో విండోసే సగం దాకా ఆక్రమించుకోనుంటాది. కాలు విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవాల గానీ చెప్పులు మారిస్తే ఏం లాభమన్నా.

ఏదన్నా మార్చే ముందు ఒక పని చెయ్. క్రోమ్ తెరిచి షిఫ్ట్ పట్టుకోని ఎస్కేప్ కొట్టు. చిన్న టాస్క్ మేనేజర్ వస్తాది, విండోస్‌ది కాదు, క్రోమ్‌దే. దాంట్లో మెమరీ అనే కాలమ్ మీద నొక్కితే ఎవడు ఎంత తింటా ఉండాడో పైనుంచి వరసగా వస్తాది, ట్యాబులే కాదు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు కూడా. దొంగ ఆ లిస్టులోనే దొరకతాడు చూడు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్‌కి పోయి మెమరీ సేవర్ ఆన్ చేసుకో, వాడకుండా వెనక పడున్న ట్యాబ్లను నిద్రపుచ్చుతాది. కానీ టికెట్ల సైటును మాత్రం దాంట్లోనే ఎప్పుడూ మేలుకోనుండే లిస్టులో చేర్చు, లేకపోతే నువ్వు ఇంకో పని చూసుకోనొచ్చి ఆ ట్యాబు నొక్కేసరికి పేజీ మళ్ళీ మొదట్నుంచి లోడవుతాది, ఇంకో పెద్దాయన చీటీ మడుచుకోని పోతాడు.


మామిడితోట, పలమనేరు

తమ్ముడూ గిరింపేట, దోశ లెక్క బాగుంది గానీ ఫైర్‌ఫాక్స్‌ని ఒక్క ముక్కలో దాటేసినావే. 2004లో దాని 1.0 వచ్చినప్పట్నుంచీ నేను అదే. ఆ కాలంలో మన తెలుగు పేపర్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకోనుండేవి, ఫాంటు లేని చోట తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలొచ్చేవి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది, హాస్టల్ రూములో నా కంప్యూటర్ చుట్టూ పేపర్ చదవడానికి జనం. ఆ విశ్వాసం ఇంకా పోలేదు నాకు, ఒప్పుకుంటా.

బాబూ, నీ దుకాణానికి ర్యాము కంటే ముఖ్యమైంది ఒకటుంది, యాడ్లు. యాత్రికులు సర్చ్‌లో దర్శనం టికెట్ అని కొట్టి పైన ఏదొస్తే అది నొక్కుతారు. టీటీడీ పేరుతో దొంగ సైట్లు పుట్టడం, వాళ్ళు కేసులు పెట్టడం మనకు కొత్త కాదు కదా. మంచి యాడ్ బ్లాకర్ ఉంటే ఆ పైన డబ్బులిచ్చి ఎక్కిన వరస చాలావరకు కనపడదు. అందరూ వాడే యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు క్రోమ్‌లో నడవదు, ఎక్స్‌టెన్షన్ల రూల్సు మార్చి మ్యానిఫెస్ట్ వీ3 అని తెచ్చినారు, 2025లో పాత రకానివి పూర్తిగా ఆపేసినారు. దాని బదులు లైట్ అని ఒకటుంది, పర్వాలేదు, పాతదాని పట్టు మాత్రం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో పాతది అట్లే నడుస్తా ఉండాది.

బుక్‌మార్కులు ఇంపోర్ట్ అని కొడితే నిమిషంలో వస్తాయి. పాస్‌వర్డ్లకి క్రోమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి సీఎస్‌వీ ఫైలు తీసి దీంట్లో ఎక్కించుకోవాల. ఇక్కడ జాగ్రత్త. ఆ ఫైలుకి తాళం గీళం ఏం ఉండదు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సైటు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డు వరసగా చదువుకోవచ్చు. ఎక్కించిన వెంటనే డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్. పది మంది కూర్చునే సిస్టమ్ అది.

ఎక్స్‌టెన్షన్లు మాత్రం కొన్నే వస్తాయి, మిగతావి నువ్వే మళ్ళీ వెతికి వేసుకోవాల. ఇంకా 4 జీబీలో ఫైర్‌ఫాక్స్ గాల్లో తేలిపోతాదని నేను చెప్పను, అది కూడా ఈ కాలం బ్రౌజరే.


గిరింపేట కుర్రోడు, చిత్తూరు

సరేన్నా, యాడ్ల విషయంలో మీదే గెలుపు. క్రోమియం కుటుంబంలోనే ఉండి యాడ్లు పోవాలంటే బ్రేవ్ ఉండాది, దాంట్లో బ్లాకర్ పుట్టుకతోనే ఉంటాది కాబట్టి ఎక్స్‌టెన్షన్ రూల్సుతో పని లేదు. దాన్ని మొదలుపెట్టిన బ్రెండన్ ఐక్ అనే ఆయనే 1995లో జావాస్క్రిప్ట్ రాసింది, మొజిల్లా పెట్టినోళ్ళలో కూడా ఆయన ఒకడు. కాకపోతే క్రిప్టో రివార్డులు, వాలెట్టు అని బటన్లు కనపడతాయి, నెట్ సెంటర్లో పెట్టేటట్టయితే మొదట అవి దాచేయ్, ఎవరో ఒకరు నొక్కి ఇదేంది బాబూ అని నిన్నే అడుగుతారు.


టోకెన్ సారు, చిత్తూరు

ఏది వేసినా ఎడ్జ్ మాత్రం పీకొద్దు. నాది జీఎస్టీ, టెండర్ల పని, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, అంటే కంప్యూటర్లో సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటివి, రోజూ గుచ్చుతా ఉంటా. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న సాగనంపినారు గానీ దాన్నే నమ్ముకున్న పాత పోర్టళ్ళు ఇంకా ఉండాయి, వాటికి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ అని ఉంటాది, దాంట్లో తెరిస్తే పని జరిగిపోతాది. వేరే దేంట్లోనూ ఇది లేదు. ఇంకోటి, విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎడ్జ్‌కి మాత్రం దానిమీద కనీసం 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. సిస్టమ్ మార్చే దాకా అదొక ధైర్యం.


కొండమెట్టు, తిరుపతి

బాబన్నా బ్రౌజర్ మారిస్తే టికెట్ దొరకతాదని మాత్రం ఎవరికీ చెప్పొద్దు సామీ, రేప్పొద్దున అందరూ మా మీద పడతారు. టికెట్ల సైటులో కనపడే క్యూ ఉండేది వాళ్ళ సర్వర్లో, నీ బ్రౌజర్లో కాదు. క్యూలో ఉండంగా రీఫ్రెష్ కొట్టకుండా చేతులు కట్టుకోని కూర్చోవడమే మనం చేయగలిగింది. నాలుగు బ్రౌజర్లు తెరిచి నాలుగిట్లో నిలబడతా అనేవాళ్ళని చూసినా, 4 జీబీ సిస్టమ్‌లో అట్ల చేస్తే నాలుగూ కలిసి పడుకుంటాయి.


కోర్లగుంట టీచరమ్మ, తిరుపతి

బాబూ, చిన్నదే అని చివర్లో పెట్టినావే, నాకు మాత్రం అదే పెద్దగా కనపడతా ఉండాది. నేను కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటా, ముప్పై మంది పిల్లలు ఒకే సిస్టమ్ మీద మారి మారి కూర్చుంటారు, ఈ తలనొప్పి నాకు రోజూ ఉంది.

కస్టమర్లకి ఎప్పుడూ గెస్ట్ విండో ఇవ్వు. ఇన్‌కాగ్నిటో వేరే, గెస్ట్ వేరే, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇన్‌కాగ్నిటోలో నీ బుక్‌మార్కులు కనపడతాయి, నువ్వు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్లు కూడా నింపి చూపిస్తాది. గెస్ట్‌లో నీది ఏదీ వాళ్ళకి కనపడదు, వాళ్ళది ఏదీ నీకు మిగలదు, విండో మూసేస్తే లాగిన్లతో సహా పోతాది. ప్రతిసారీ తెరవడం మర్చిపోతావు కాబట్టి డెస్క్‌టాప్ మీద క్రోమ్ షార్ట్‌కట్ ఇంకోటి చేసుకో, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడిలో చివర ఒక స్పేస్ ఇచ్చి, రెండు చిన్న గీతలు కొట్టి, వాటికి ఆనుకోని గెస్ట్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాయి. దానికి కస్టమర్ అని పేరు పెట్టు. ఎడ్జ్‌లోనూ ఇదే చేయొచ్చు.

మామూలు విండోలో జీమెయిల్ తెరిస్తే క్రోమ్‌లోకే సైన్ ఇన్ అవుతారా అని కూడా అడుగుతాది, తెలియక అవునంటే వాళ్ళ పాస్‌వర్డ్లు, హిస్టరీ నీ సిస్టమ్‌లోకి దిగే ప్రమాదం ఉంది.

ఇంక గెస్ట్ కూడా చేయని పని ఒకటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ని అది తీసేయదు. నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడు, ఎన్ని ఆధార్ పీడీఎఫ్‌లు ఉంటాయో. పాస్‌వర్డు ఉంది కదా అనొద్దు, దాని పాస్‌వర్డు పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే కదా. ఆ రెండూ నీ టేబుల్ మీద పడున్న అప్లికేషన్ ఫారంలోనే ఉంటాయి. రాత్రి షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం కూడా గల్లా కట్టేసే లెక్కలో వేసుకో.

ఆ విండోస్ 7 సిస్టమ్‌కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది, ఆ తర్వాతి వెర్షన్లు దాంట్లో ఎక్కవు. బ్రౌజర్ మార్చడం కాదు, దానికి నెట్టే తీసేయ్. స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో.


జిరాక్స్ బాబు, తిరుపతి

నాలుగు రోజులు ఆలస్యంగా వస్తా ఉండా, ఏమనుకోవద్దండి, ఏవో అప్లికేషన్లకి ఆఖరి తేదీ, తినడానికి కూడా టైము లేదు.

గిరింపేట తమ్ముడూ, షిఫ్ట్ ఎస్కేప్ కొట్టినా. అన్నిటికంటే పైన ఏదో కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్, ఒక్కటే 600 ఎంబీ మింగి కూర్చోనుండాది. నేను వేసింది కాదు, ఎవరో కస్టమరు వేసిపోయుంటారు. దాని కింద ఇంకో రెండు, పీడీఎఫ్ మార్చేది ఒకటి, వాతావరణం చెప్పేది ఒకటి. తిరుపతిలో ఎండ ఎట్లుంటాదో చెప్పడానికి దానికి ర్యాము కావాలంట. మూడూ పీకేసినా, పక్క సిస్టమ్‌లో కూడా అంతే. రెండు సిస్టమ్లకీ ఇంకో 4 జీబీ ర్యాము వేయించినా, ఇప్పుడు పదిహేను ట్యాబులైనా కదుల్తా ఉండాది.

క్రోమ్ తీసేయలేదు. కస్టమర్లకి టీచరమ్మ చెప్పిన గెస్ట్ షార్ట్‌కట్, నా సొంత పనికి మామిడితోట అన్న మాట మీద ఫైర్‌ఫాక్స్, టోకెన్ గుచ్చేవాళ్ళొస్తే ఎడ్జ్. ప్రింటు మార్జిన్లు, పేపరు సైజు ఫైర్‌ఫాక్స్‌లో మళ్ళీ మొదట్నుంచి సెట్ చేసుకోవాల్సొచ్చింది, ఆధార్ కార్డు లామినేషన్ సైజుకి సరిగ్గా రావడానికి ఆరు పేపర్లు దండగ.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి నేనే భయపడినా టీచరమ్మా. 2,300 పైన ఫైళ్ళు, ఆధార్లు, మార్కుల లిస్టులు, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు, ఒకాయన ఇంటి దస్తావేజు మొత్తం. రాత్రి పదకొండు దాకా కూర్చోని తుడిచేసినా.

గెస్ట్ పెట్టినాక కొత్త గొడవ ఒకటి మొదలైంది. మెయిల్ తెరవాలంటే పాస్‌వర్డ్ కొట్టాల కదా, చాలామందికి వాళ్ళ పాస్‌వర్డే తెలీదు, ఫోన్లో ఎప్పుడో ఒకసారి కొట్టింది అట్లే ఉండిపోయింది. ఫైలు ఫోన్లోంచి పంపమంటే నా నంబరుకి వాట్సాప్‌లో పెడతా ఉండారు, అంటే ఇప్పుడు ఆ ఆధార్లన్నీ నా ఫోన్లోకి వస్తా ఉండాయి. దీనికేం చేయాలో మీరే చెప్పాల.

మూడోదానికి నెట్ వైరు పీకేసినా. స్కానర్ బాగానే పలకతా ఉండాది.