సీజెడ్‌టీఎస్ సోలార్ సెల్: కాడ్మియం బదులు ఏ బఫర్ పొర వేయాలి?

సోలార్ సెల్‌లో వెలుగును పీల్చుకునే సీజెడ్‌టీఎస్ పొరను రాగి, జింక్, తగరం, గంధకంతో వేస్తున్నాను. అన్నీ విరివిగా దొరికేవే, ఇండియం, గాలియంతో పనిలేదు. చిక్కల్లా దాని మీద, పై ఎలక్ట్రోడ్‌కీ దానికీ మధ్య వేసే పల్చటి బఫర్ పొరతోనే. ఎక్కువమంది కాడ్మియం సల్ఫైడే వాడుతున్నారు. విషం లేని సెల్ అని చెప్పుకుంటూ పైన కాడ్మియం పూయడం నాకైతే మింగుడుపడటం లేదు.

జింక్ టిన్ ఆక్సైడ్ బాగా కుదురుతుందట గానీ, దాన్ని ఎక్కువగా అటామిక్ లేయర్ డిపోజిషన్‌తో (ఒక్కో అణు పొరగా పేర్చే పద్ధతితో) వేస్తారు. నా దగ్గర కెమికల్ బాత్ (ద్రావణంలో ముంచి పొర పట్టించేది), స్పిన్ కోటర్ (గిరగిరా తిప్పి ద్రావణాన్ని పరిచేది) మాత్రమే ఉన్నాయి. బాత్‌లో జింక్ ఆక్సీసల్ఫైడ్ వేసి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పీహెచ్ ఎంత ఉంచారు? వోల్టేజ్ బాగా పడిపోయిందా?

ఇంకో సందేహం. సీజెడ్‌టీఎస్ పొరను 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంధకం ఆవిరిలో వేడిచేస్తుంటే తగరం సల్ఫైడ్‌గా మారి ఎగిరిపోతోంది. పక్కన కాస్త టిన్ సల్ఫైడ్ పొడి పెడితే సరిపోతుందా, లేక మూత బిగించిన గ్రాఫైట్ పెట్టె తప్పదా?