రోమియో జూలియట్ బాలే: చివర్లో రెండు కుటుంబాలు కలవాలా, వద్దా?

వెన్నెలమెట్లు:
మొన్న ఆదివారం కెన్నెత్ మెక్‌మిలన్ నాట్యం కూర్చిన రోమియో జూలియట్ బాలే రికార్డింగ్ చూశాను. లండన్‌లో రాయల్ బాలే 1965లో మొదటిసారి ప్రదర్శించినది. సమాధిలో పొడుచుకున్న జూలియట్, అప్పటికే చనిపోయిన రోమియో వైపు చెయ్యి చాపుతూ ప్రాణం వదిలేస్తుంది. అంతే, తెర పడిపోతుంది. పెద్దవాళ్ళెవరూ రారు. లెనిన్‌గ్రాడ్‌లో 1940లో లవ్‌రోవ్‌స్కీ అనే నాట్యకర్త ఇదే కథకు చేసిన బాలేలో మాత్రం పగతో ఉన్న ఆ రెండు కుటుంబాల పెద్దలూ ఆ శవాల దగ్గరే చేతులు కలుపుతారు. షేక్‌స్పియర్ నాటకం కూడా అక్కడికే చేరుతుంది కదా. పగ చల్లారకుండా కథ ఆపేస్తే ఆ ఇద్దరు పిల్లలూ ఎందుకు పోయినట్టు? మెక్‌మిలన్ చేసింది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

కొనవేలు:
నేను ఒప్పుకోలేనండి. నాటకంలో ఆ రాజీ అంతా మాటల్లో జరుగుతుంది. నీ బిడ్డకు నేను బంగారు విగ్రహం పెట్టిస్తానంటే, నీ బిడ్డకు నేనూ పెట్టిస్తానంటాడు రెండో తండ్రి. బాలేలో మాట లేదు. నేను 12 ఏళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. మాకు వెనక పాట ఉంటుంది, పాటలో మాటను చేత్తో, కంటితో చూపిస్తాం. వీళ్ళకి ఆ ఆసరా లేదు. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపితే ఆ బంగారు విగ్రహాల బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

దాని బదులు మెక్‌మిలన్ ఏం పెట్టాడో చూడండి. జూలియట్ చనిపోయిందనుకుని రోమియో ఆమెను లేపి, ఆ శరీరంతోనే నాట్యం చేస్తాడు. బాల్కనీ కింద అతని చేతుల్లో గాలిలో తేలిన అమ్మాయి, ఇప్పుడు చేతులు వేలాడుతూ నేల మీద ఈడ్చుకుపోతుంది. తర్వాత ఆమె లేచి అతన్ని చూసి నోరు తెరిచి అరుస్తుంది, శబ్దం రాదు. అది చూశాక ఇంకెవరొచ్చి ఏం చెప్పాలి?

పాతస్వరం:
నాటకంలో ఉన్నట్టే ఉండాలనేవాళ్ళకి ఒక సంగతి. సంగీతం కట్టిన ప్రొకోఫియెవ్ 1935లో మొదట రాసినప్పుడు జూలియట్ బతుకుతుంది! బతికున్నవాళ్ళు నాట్యం చేస్తారు గానీ చావబోయేవాళ్ళు పడుకుని ఎలా చేస్తారన్నది ఆయన చెప్పిన కారణం. తర్వాత మార్చాడు. మార్చిన బాలే కూడా ముందు వేదికెక్కింది రష్యాలో కాదు, 1938 డిసెంబరులో చెకోస్లొవేకియాలోని బ్ర్నోలో. సుఖాంతంగా రాసిన ఆ తొలి రూపాన్ని నాట్యకర్త మార్క్ మోరిస్ 2008లో అమెరికాలో ప్రదర్శించాడు.

అయినా నాకు లవ్‌రోవ్‌స్కీ ముగింపే ఇష్టం. చివర్లో సంగీతం ఎంత మెల్లగా సద్దుమణుగుతుందో వినండి. కొట్లాటతో మొదలైన కథ అలా నెమ్మదిస్తే నాకు అందులో రాజీయే వినపడుతుంది.

కొనవేలు:
నాకు ఊపిరి ఆగడం వినపడుతుంది.

మూడోగంట:
రాజీ అంటున్నారు గానీ, మొదటి అంకం గుర్తు తెచ్చుకోండి. బజారులో కొట్లాట, శవాల కుప్ప. ప్రభువు వచ్చి కత్తులు కింద పెట్టమంటే రెండు వైపులవాళ్ళూ పెట్టారు. రెండో అంకానికి అదే బజారులో ముందు రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, వెంటనే జూలియట్ వాళ్ళ బంధువు టిబాల్ట్ కత్తిపోట్లకు పోయారు. వాళ్ళ రాజీ ఎన్నాళ్ళు నిలుస్తుందో ఒకసారి చూసేశాం. మళ్ళీ చేతులు కలిపితే నేను నమ్మను.

వెన్నెలమెట్లు:
నాకు ఇది తట్టలేదండి. సరే, పెద్దల రాజీ సంగతి వదిలేస్తాను. కానీ జూలియట్ తల్లి? టిబాల్ట్ పోయినప్పుడు శవాన్ని ఒడిలో పెట్టుకుని ఊగిపోతూ ఏడ్చిన మనిషి, సొంత కూతురి దగ్గరికి రాకపోవడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

కొనవేలు:
ఆవిడ వచ్చిందండి. చనిపోయినట్టు కనిపించేలా చేసే మందు తాగి పడి ఉన్న జూలియట్‌ని చూసి, పోయిందనుకుని మంచం దగ్గరే ఏడ్చింది. సమాధిలోకి చేర్చి అందరూ వెళ్ళిపోయారు కూడా. వాళ్ళ ఏడుపు అక్కడితో అయిపోయింది. నిజంగా ప్రాణం పోయేటప్పుడు ఆ పిల్ల దగ్గర ఎవరూ లేరు. నా గుండె పట్టేసేది అక్కడే.